అత్తవారింట్లో నేను స్విచ్చి మార్చిన వైనం

అవనిగడ్డలో ఒక వీధి వీధినంతా చీకటి చేసి, ఒక పెద్దాయన్ని దాదాపు పరలోకానికి సాగనంపి, అత్తవారింటి గోడ మీద పళ్ళెమంత మసిమరక మిగిల్చిన ఘనుణ్ణి నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను. దాస్తే దాగే కథ కాదిది. మా అత్తవారి వైపు పెళ్ళయినా, బాప్తిస్మమైనా, ఆఖరికి భూస్థాపనైనా, భోజనాల దగ్గర ఎవరో ఒకరు మొదలెడతారు: "బావగారూ, ఆ స్విచ్చి సంగతి ఒక్కసారి చెప్పండి." చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది. విని విని వాళ్ళకి రాలేదు. అందుకని రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితం పెట్టేసి, నా మానాన నేను అన్నం కలుపుకోవచ్చని ఆశ.

అది పంతొమ్మిదివందల అరవయ్యో సంవత్సరం, కాస్త అటూ ఇటూ. నాకు ఇరవై ఆరేళ్ళు. బందరు తంతి ఆఫీసులో గుమాస్తాని. నా పనల్లా కౌంటరు దగ్గర కూర్చుని, జనం రాసిచ్చిన టెలిగ్రాం ఫారాల్లో మాటలు లెక్కపెట్టడం. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అంటే నాలుగు మాటలు. అంతే. ఆ మాటల్ని తీగ మీదికెక్కించే వాళ్ళు లోపలి గదిలో ఉండేవారు. ఆ గది గుమ్మం నేను దాటింది వాళ్ళకి టీ వచ్చిందని చెప్పడానికే.

మా మావగారు దానియేలు గారికి ఇవేవీ పట్టలేదు. ఆయన అవనిగడ్డ ఆసుపత్రిలో కాంపౌండరు. సంబంధం కుదిరిన రోజు నుంచీ "మా అల్లుడిది తంతి ఆఫీసు. తీగలన్నీ ఆయన చేతికిందే" అని వీధంతా చెప్పుకున్నారు. నేను కాదనలేదు. కాదనడానికి అవకాశం రాలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. బోలెడు అవకాశాలొచ్చాయి. వినడానికి బాగుందని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. పెళ్ళయి ఐదు నెలలైనా మా ఆవిడ సుగుణ పుట్టింట్లోనే ఉంది. పెళ్ళినాటికి నేను బందర్లో ఇద్దరు స్నేహితులతో ఒక్క గదిలో ఉండేవాణ్ణి కాబట్టి మొదట్లో అడిగే మొహం లేదు. ఆ తర్వాత బందర్లోనే ఈడేపల్లిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. కుంపటీ గిన్నెలూ కొన్నాను. మూడుసార్లు వెళ్ళి సుగుణని పంపించమని అడిగాను. మూడుసార్లూ మావగారు మందుసీసాని వెలుతుర్లో పెట్టి చూసినట్టు నన్ను చూసి, "చూద్దాం లెండి" అన్నారు.

ఆయన భయం ఆయనది. మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళ బావిలో చేద పడేశాను. రెండోసారి ఆ చేద తీస్తానని పూనుకుని గాలం కూడా పడేశాను. మూడోసారి నన్ను బావి వైపు వెళ్ళనివ్వలేదు. "కుర్రాడు మంచివాడే, ఉద్యోగమూ మంచిదే. కానీ ఒక ఇల్లు చూసుకోగలడంటావా?" అని ఆయన అత్తగారితో అంటుంటే అరుగు మీద కూర్చుని నా చెవులతో నేనే విన్నాను. చెప్పొద్దూ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాలుగోసారి ఒక శనివారం మధ్యాహ్నం అవనిగడ్డలో బస్సు దిగాను. ఆదివారం తిరుగు బస్సులో నా పక్కన సుగుణ కూర్చోవాలి. కూర్చోకపోతే మళ్ళీ ఈడేపల్లి, మళ్ళీ అడుగంటిన అన్నం, మళ్ళీ నేనూ నా కుంపటీ.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో కృతజ్ఞతా కూడిక. ఇంటికి కరెంటొచ్చి నెలైంది. మా వాళ్ళలో ఇంటికి ఏ మేలు జరిగినా, గేదె ఈనినా పిల్లాడు పాసైనా, పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించి, వచ్చినవాళ్ళకి బూందీ, టీ ఇవ్వడం ఆనవాయితీ. ఈసారి మేలు మూడు దీపాలు, రేడియో కోసం ఒక ప్లగ్గు.

"ఒక చిన్న చిక్కుందండీ అల్లుడుగారూ," అన్నారు మావగారు, నేను కాళ్ళు కడుక్కుని కూర్చోగానే.

చిక్కు ముందుగదిలో గోడ మీద ఉంది. టేకు చెక్క బోర్డు, దాని మీద నల్లటి గుండ్రటి స్విచ్చి, పక్కనే ప్లగ్గు. స్విచ్చి వేస్తే చిటపటమని నిప్పులు రాలుతున్నాయి. ఒకసారి దీపం వెలిగితే రెండుసార్లు వెలగదు. మా అత్తగారు మరియమ్మ గారైతే దాన్ని చేత్తో ముట్టుకోవడం మానేసి, చేయి బారచాపి అన్నం తెడ్డుతో నొక్కుతున్నారట.

"వైర్‌మాన్ కోడూరు వెళ్ళాడండీ. మొన్నటి గాలికి అక్కడ స్తంభాలు పడ్డాయి. సోమవారం దాకా రాడు. ఈ సాయంత్రం ప్రార్థన కాగానే పాస్టరు గారి చేత స్విచ్చి వేయిద్దామనుకున్నాం. ఆయన చేతికి తెడ్డివ్వలేం గదా!"

అని నా వంక చూశారు. పని చెయ్యమని అడగలేదు. కొత్త అల్లుణ్ణి పని అడగరు. చూశారంతే.

"ఇంతేనా మావయ్యగారూ! నేను మార్చేస్తాను," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో సవ్యంగా వెలిగింది అదొక్కటే.

బజార్లో సైకిలు షాపాయన దగ్గర కొత్త స్విచ్చి, పనిలో పనిగా కొత్త ప్లగ్గు కూడా కొన్నాను. "ఎవరు బిగిస్తారండీ?" అని ఆయనడిగితే "నేనే," అన్నాను, గొంతు కాస్త బరువు చేసి. ఆయన పొట్లం కట్టడం ఆపి నన్నోసారి పరకాయించాడు. అక్కడే నాకు బుద్ధి రావలసింది.

ఇక్కడ పాఠకులకి ఆ ఇంటి మర్యాద ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా నా ఒక్కడి తెలివితక్కువతనమే అనుకుంటారు. అత్తగారు నాతో ముఖాముఖి మాట్లాడరు. తలుపు చాటున నిలబడి మావగారితో చెబుతారు. సుగుణ పెద్దవాళ్ళ ముందు నాతో మాట్లాడదు. వాళ్ళమ్మతో చెబుతుంది. అంటే సుగుణ నాతో ఒక మాట అనాలంటే అది వాళ్ళమ్మను దాటి, వాళ్ళ నాన్నను దాటి నా దగ్గరికి రావాలి. మా ఆఫీసు నుంచి టెలిగ్రాం రంగూన్‌కి అంతకంటే ముందు చేరేది. పైగా అల్లుడికి చెప్పే మాట కాబట్టి, దాటిన ప్రతి మనిషి దగ్గరా దానికి కాస్త మర్యాద తోడయ్యేది.

పెన్సిలు చెక్కుకునే చాకు తీసుకుని స్టూలెక్కాను. స్విచ్చి మూత తిప్పి తీశాను. చాకు మొన లోపలి మర మీద పెట్టబోతున్నాను. తలుపు వెనక గుసగుసలు వినిపించాయి.

"అమ్మా, మెయిన్ ఆపలేదే! ఆపమని చెప్పు," అంది సుగుణ.

"ఏమండీ, మెయిన్ సంగతి అల్లుడుగారు చూసుకున్నారేమో కనుక్కోండి," అన్నారు అత్తగారు.

మావగారికి ఇబ్బందైంది. తంతి ఆఫీసు మనిషిని అలాంటి మాట ఎలా అడుగుతారు? గొంతు సవరించుకుని, "అల్లుడుగారూ, ఈలోగా కాస్త కాఫీ తీసుకుంటారా?" అన్నారు.

"తీసుకుం..." అన్నాను. మిగతా సగం మాట ఇప్పటికీ బాకీ. గాడిదెవరో మోచేతి మీద గట్టిగా తన్నినట్టైంది. కళ్ళు తెరిచేసరికి, కూడికకి పరిచిన చాపల మీద వెల్లకిలా ఉన్నాను. చాకు గదికి ఆ చివర ఉంది.

"అయ్యయ్యో! ఏమైందండీ?"

"ఏం లేదండీ. కరెంటు వస్తోందో లేదో చూశాను."

"వస్తోందాండీ?"

"వస్తోందండీ."

"మీ ఆఫీసులోనూ ఇలాగే చూస్తారా?"

"ఇలాగేనండీ."

ఆయన మెచ్చుకోలుగా తలూపారు. నేను లేచి, నా అంతట నేనే గుర్తుకొచ్చినట్టు వరండాలోకి వెళ్ళి, ఇనప డబ్బా మెయిన్ ఆపి వచ్చాను. మావగారిచ్చిన కాఫీ నిజంగానే పనికొచ్చింది.

బోర్డులో స్విచ్చికి రెండు వైర్లు, ప్లగ్గుకి రెండు. మొత్తం నాలుగు. నాలుగూ నల్లవే, నాలుగూ ఒకే లావు.

"అమ్మా, ఒక్కొక్కటే విప్పి ఒక్కొక్కటే బిగించుకోమను. నాలుగూ ఒకేసారి తీస్తే ఏది ఎక్కడిదో తెలీదు. వైర్‌మాన్ వేసిన రోజు నేను పక్కనుండి చూశాను."

"ఏమండీ, వైర్లు జాగ్రత్తగా చూసుకుని తీయమని సుగుణ అంటోంది."

"అల్లుడుగారూ, తొందరేం లేదు, మీ వీలునిబట్టి నిదానంగా చేసుకోమంటున్నారు ఆడవాళ్ళు."

ఆ కబురు అందేసరికి నాలుగూ విప్పేశాను. గోడలోంచి అవి బొద్దింక మీసాల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటిని చాలాసేపు చూశాను. అవి నాకేం చెప్పలేదు. వెనక మావగారు చేతులు కట్టుకుని, చర్చిలో నిలబడినంత వినయంగా నిలబడ్డారు. ఆయన చూస్తుండగా తెలియదనడం నా వల్ల కాలేదు. కుడివైపున్న రెండు స్విచ్చికి, ఎడమవైపున్న రెండు ప్లగ్గుకి బిగించాను. నాకందులో ఒక న్యాయం కనిపించింది.

మెయిన్ వేశాను. మావగారు సంబరంగా రేడియో పిన్ను ప్లగ్గులో పెట్టి మీట తిప్పారు. వెంటనే నడినెత్తిన దీపం వెలిగింది. స్విచ్చి ఎవరూ ముట్టుకోలేదు. వెలగడమంటే చుట్ట నిప్పంత ఎర్రగా వెలిగింది. కాసేపటికి రేడియో కూడా, దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు, వరి నారుమళ్ళ గురించి ఏదో గొణగడం మొదలెట్టింది.

మావగారు దీపాన్నీ రేడియోనీ మార్చి మార్చి చూశారు. రేడియో ఆపారు. దీపం ఆరింది. మళ్ళీ పెట్టారు. వెలిగింది.

"రేడియో పెడితే దీపమొస్తోందండీ!"

"అవునండీ."

"స్విచ్చి వేయకుండానే!"

"అవునండీ."

"ఇదేమన్నా కొత్త పద్ధతా?"

"కొత్త పద్ధతేనండీ."

ఆయనంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాలో తప్పు పట్టకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో! "ఒకందుకు మేలేనండీ. చీకట్లో వార్తలు వినేదేముంది," అన్నారు. తర్వాత మెల్లిగా, "మరి స్విచ్చి దేనికండీ?" అన్నారు.

అది నాకూ తెలుసుకోవాలనే ఉంది. నొక్కాను. వరండాలో ఠప్పుమంది. దీపం, రేడియో, నారుమళ్ళు అన్నీ ఒక్కసారే పోయాయి.

"ఫ్యూజండీ," అన్నాను. అంతవరకు నిజమే. "వైర్‌మాన్ మరీ తలవెంట్రుకంత తీగ వేశాడు. అది తట్టుకోలేదు." ఇది నా సొంత కవిత్వం. నిజానికి ఆ క్షణాన బుద్ధున్నవాడెవడైనా బోర్డు మళ్ళీ విప్పుతాడు. నాకూ లోపల అనుమానంగానే ఉంది. కానీ విప్పితే నాకు తెలియదని తెలిసిపోతుంది. తెలిసిపోతే "చూద్దాం లెండి". సుగుణ ఇక్కడ, నేను ఈడేపల్లిలో. అందుకని తప్పు బోర్డుది కాదని, తీగదేనని గట్టిగా నిర్ణయించి, స్విచ్చీ రేడియో ఆపేసి, పెరట్లో బట్టలారేసే తీగ చివర ఒక ముక్క తుంచి ఫ్యూజులో బిగించాను.

తలుపు వెనక గాజులు గట్టిగా చప్పుడయ్యాయి.

"అమ్మా, అంత లావు తీగ వెయ్యకూడదు! అలా వేస్తే ఇంట్లో పోవలసింది స్తంభం మీద పోతుందని వైర్‌మాన్ మరీ మరీ చెప్పాడు."

"ఏమండీ, తీగ మరీ లావుగా ఉందేమోనని అమ్మాయి అంటోంది."

"మంచి గట్టి తీగ వేశారని ఆడవాళ్ళు సంతోషిస్తున్నారండీ," అన్నారు మావగారు.

ఇంతలో గుమ్మంలో "వందనాలు, వందనాలు" అని వినిపించింది. పాస్టరు గారు వచ్చేశారు. ఆయన వెనకే జనం. పొద్దుగూకుతోంది. ఇక స్విచ్చి వేసి చూసే వీల్లేదు. కొత్త స్విచ్చి మీద మొదట పాస్టరు గారి చెయ్యి పడాలని మావగారు అప్పటికే అందరికీ చెప్పేశారు.

ఆయన డెబ్బై ఏళ్ళ మనిషి, సన్నగా, తెల్లటి లాల్చీ, మంచి గొంతు. చాలాసేపు ప్రార్థించారు. కరెంటు కోసం, స్తంభాల కోసం, కోడూరులో ఉన్న వైర్‌మాన్ కోసం. "తంతి శాఖలో పెద్ద బాధ్యతలో ఉండి కూడా, తన స్వహస్తాలతో ఈ పని చేసిన ఈ ఇంటి అల్లుడి కోసం" అన్నప్పుడు చాపల మీద అందరూ నా వైపు తిరిగారు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ గదిలో ఆ సాయంత్రం నా అంత మనస్ఫూర్తిగా ప్రార్థించినవాళ్ళు లేరు.

పాస్టరు గారు లేచి స్విచ్చి వైపు నడిచారు.

"అమ్మా, ఆయన్ని ముట్టుకోవద్దని చెప్పు! చెప్పవే!"

"ఏమండీ, అయ్యగారిని ఒక్క నిమిషం ఆగమనండి."

"అయ్యగారూ, ముందు కాస్త టీ..." అన్నారు మావగారు.

"ముందు వెలుగు రానివ్వండి, దానియేలు గారూ," అని నవ్వుతూ పాస్టరు గారు నొక్కారు.

నీలంగా ఒక మెరుపు. తుపాకి పేలినట్టు చప్పుడు. స్విచ్చి మూత ఎగిరి బూందీ పళ్ళెంలో పడింది. మరుక్షణం వీధిలో స్తంభం మీద ఇంకో పేలుడు. ఇటు చివరి నుంచి అటు చివరి దాకా వీధిలో ఒక్క దీపం లేదు. అప్పటిదాకా నాలుగిళ్ళవతల పాడుతున్న రేడియో కూడా మధ్యలో ఆగిపోయింది.

నా జీవితంలో అంత పొడవైన అర నిమిషం లేదు. ఆయనకేమైనా అయితే? నా గొప్ప కోసం ఒక నిండు మనిషిని చంపేశానా?

"బతికే ఉన్నాను," అన్నారు పాస్టరు గారు, చాప మీద నుంచి. "ఎవరైనా లాంతరు తెండి."

ఇరుగుపొరుగులు లాంతర్లు పట్టుకుని వచ్చేశారు. "మీ ఇంట్లో కూడా పోయిందా దానియేలు గారూ?" "ఏం భయం లేదులెండి, తంతి ఆఫీసు అల్లుడుగారు వచ్చి ఉన్నారుగా!" "ఆయన చూస్తార్లెండి!" వచ్చినవాళ్ళు వచ్చినట్టు చాపల మీద కూర్చున్నారు. "కరెంటిచ్చినందుకు కృతజ్ఞతలు లాంతరు వెలుతుర్లో చెల్లించడం నాకిదే మొదలు. ఇంతమంది రావడమూ ఇదే మొదలు," అని పాస్టరు గారు లాల్చీ దులుపుకుని మిగతా కూడిక పూర్తిచేశారు. ఆ కుడిచేతి వేళ్ళ చివర మసి చూస్తూ నేను తలెత్తలేకపోయాను.

టీలు అందుతుండగా తలుపు చాటు నుంచి సుగుణ బయటికొచ్చింది. వాళ్ళమ్మ వైపు చూడలేదు, వాళ్ళ నాన్న వైపు చూడలేదు. సరాసరి నా దగ్గరికొచ్చి, "మీరు కాస్త పక్కకి తప్పుకోండి," అంది.

పెళ్ళయ్యాక నలుగురిలో ఆమె నాతో అన్న మొదటి మాట అది. తప్పుకున్నాను.

"లాంతరు పట్టుకోండి. అలా కాదు, కిందికి."

మెయిన్ ఆపి ఉందో లేదో నన్నడగలేదు. తనే వెళ్ళి చూసొచ్చింది. బట్టల తీగ పీకేసి సన్నతీగ పెట్టింది. నాలుగు వైర్లనీ చూసి, ఇదిక్కడ, ఇదిక్కడ అని తనలో తాను అనుకుంటూ సర్దింది. కొత్త స్విచ్చి కాలిపోయింది కాబట్టి పాతదాన్ని తెప్పించి మూత తీసింది. లోపల ఒక మర వదులై ఆడుతోంది. రేకు మీద మసి చాకుతో గీకి ఆ మర బిగించింది. అసలు దాని జబ్బల్లా అదే. ఒక్క మర. నేను లాంతరు పట్టుకుని, నా జన్మలో మొదటిసారి, చెప్పిన పని చెప్పినట్టు చేశాను.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యేసరికి కరెంటాఫీసు హెల్పరొచ్చి స్తంభమెక్కి ఫ్యూజు వేసి వెళ్ళాడు. మావగారు ముందుగదిలోకి వెళ్ళి ఉత్తచేత్తో స్విచ్చి వేశారు. పట్టపగలు దీపం తెల్లగా, నిబ్బరంగా వెలిగింది. రేడియో తన పని తాను చేసుకుంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగే మొహమెక్కడిది? సంచీ సర్దుకుని, బస్సు వేళైందని చెప్పి అరుగు దిగాను. ఇక ఈ జన్మకి ఆయన పంపరనే అనుకున్నాను.

"ఆగండి అల్లుడుగారూ," అన్నారు మావగారు.

వెనక్కి తిరిగాను. సుగుణ రేకు ట్రంకుపెట్టె గుమ్మంలో ఉంది. దాని పక్కన సుగుణ ఉంది, బస్సెక్కడానికి తయారై.

"ఇన్నాళ్ళూ మా అమ్మాయిని మీరు చూసుకోగలరా అని నాకు బెంగగా ఉండేది," అన్నారాయన. "నిన్నటితో ఆ బెంగ పోయింది."

నేను కాస్త నిటారుగా నిలబడ్డాను.

"మిమ్మల్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఇంకొక్క రోజు ఆలస్యం చేస్తే ఆ పాపం మాది. ఈ బస్సుకే తీసుకెళ్ళండి."

అత్తగారు గుమ్మం దాటి బయటికొచ్చారు. మొట్టమొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు. "బాబూ, మీ ఇంట్లో మెయిన్ ఎంత ఎత్తులో ఉంది? అమ్మాయికి అందుతుందా?"

"అందుతుందండీ," అన్నాను.

"మీకు?"

"నాకూ అందుతుందండీ."

ఆవిడ దిగులుగా మావగారి వైపు చూశారు.

అదీ సంగతి. ఇక ప్రమాణం. నేను, పెద్దవయసులో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నదేమంటే: ఈ చేతులతో ఇక ఏ స్విచ్చినీ, ప్లగ్గునీ, హోల్డరునీ, ఫ్యూజునీ విప్పను, బిగించను, బాగుచేస్తానని ఒప్పుకోను, బాగుచేయగలనని ఎవరైనా పొగిడితే ఆ క్షణమే కాదంటాను. ఇది రాస్తుండగా పైన ఫ్యాను ఆగిపోయింది. సుగుణ బజారుకెళ్ళింది, గంటదాకా రాదు. చెమటలు కారుతున్నాయి. స్విచ్చి చేతికందే దూరంలోనే ఉంది. నేను కుర్చీలోంచి లేవడం లేదు.